పదహారేళ్ల పిల్ల వాలంటీరుగా విదేశం వెళ్తే నిజంగా ఎదుగుతుందా?

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ: "మా అమ్మాయికి 16 నిండాయి. సెలవుల్లో నాలుగు వారాలు వేరే దేశం వెళ్లి వాలంటీరుగా పనిచేస్తానని పట్టుబడుతోంది. ఒక సంస్థ అనాథాశ్రమంలో చిన్నపిల్లలకు ఇంగ్లీషు నేర్పే ప్రోగ్రామ్ చూపించింది. తిరిగొచ్చేసరికి ఆత్మవిశ్వాసం, బాధ్యత, నాయకత్వం అన్నీ వస్తాయంటున్నారు. నిజమేనా? పంపొచ్చా?"

అమ్మా, సూటిగా చెప్తాను. పంపండి. కానీ ఆ ప్రోగ్రామ్‌కి మాత్రం పంపకండి. ఆ వయసులో మూడు నాలుగు వారాలు పరాయి చోట, ముక్కూ మొహం తెలియని వాళ్లతో కలిసి పనిచేసి పిల్లలు ఎదగడం కళ్లారా చూశాను. ఏమీ మారకుండా, ఫోన్ నిండా ఫొటోలతో తిరిగొచ్చిన వాళ్లనూ చూశాను. ఈ తేడా ఎక్కడ వస్తోందని ఏళ్ల తరబడి గమనిస్తే నాకు తేలింది ఏంటంటే, అది చాలావరకు వాళ్లకు దొరికిన పనిని బట్టి వస్తుంది. తప్పు చేస్తే తప్పని తెలిసిపోయే పని కావాలి. మీ అమ్మాయి వెళ్లకపోయినా ఎవరో ఒకరు చేసి తీరాల్సిన పని కావాలి. మీకు చూపించిన దాంట్లో ఈ రెండూ లేవు, పైగా అక్కడి పిల్లలకు హాని ఉంది. దాని గురించి కింద వివరంగా రాస్తాను.

నేను 22 ఏళ్లుగా టీనేజర్లను అంతర్జాతీయ వర్క్‌క్యాంపులకు, అంటే వేర్వేరు దేశాల వాళ్లు కొన్ని వారాలు ఒకచోట ఉండి కలిసి పనిచేసే శిబిరాలకు, సిద్ధం చేసే పనిలో ఉన్నాను. కొన్నింటికి క్యాంప్ లీడర్‌గా వెళ్లాను. మిగతావాటికి వెళ్లే ముందు శిక్షణ ఇవ్వడం, వచ్చాక కూర్చుని మాట్లాడించడం నా బాధ్యత.

ఒక సంగతి వివరంగా చెప్తే నా మాట అర్థమవుతుంది. దక్షిణ ఫ్రాన్స్‌లో, ప్రోవాన్స్ కొండవాలుల్లో పాతకాలపు మెట్ల పొలాలుంటాయి. ఒక్కో మెట్టునూ ఆపేది రాతిగోడ. సున్నం, సిమెంటు ఏమీ ఉండవు, రాయి మీద రాయి పేర్చడమే. వానలకు వెనక మట్టి ఉబ్బి, గోడ పొట్టలాగా ముందుకొచ్చి కూలిపోతుంటుంది. అలా కూలిన ఒక గోడను తిరిగి కట్టడం మా క్యాంపు పని. ఆరు దేశాల నుంచి వచ్చిన 16, 17 ఏళ్ల పిల్లలు పద్నాలుగు మంది, నేర్పడానికి ఒక స్థానిక మేస్త్రీ. ఈ కట్టుబడి విద్య ఎంత విలువైనదంటే, యునెస్కో 2018లో దీన్ని ఫ్రాన్స్, ఇటలీ, గ్రీస్, క్రొయేషియా సహా ఎనిమిది దేశాల పేరిట మానవజాతి వారసత్వంగా గుర్తించింది. మేం వెళ్లకపోయినా ఆ గోడ ఎవరో ఒకరు కట్టాల్సిందే.

మా గుంపులో ఒక అబ్బాయి చాలా చురుకైనవాడు. మూడు రోజుల్లో అందరికంటే ఎక్కువ మేర కట్టేశాడు. ఎలాగంటే, రాయి పొడుగు వైపు బయటికి కనిపించేలా అడ్డంగా పెట్టుకుంటూ పోయాడు. అలా పెడితే గోడ త్వరగా నిండుతుంది, చూడ్డానికీ బాగుంటుంది. కానీ రాయి పొడుగు లోపలికి పోవాలి, అప్పుడే గోడకు పట్టు. ప్రతి రాయీ కింద రెండు రాళ్ల మీద కూర్చోవాలి, అతుకు మీద అతుకు రాకూడదు. లోపలి చిన్న రాళ్లను గుమ్మరించకూడదు, ఒక్కొక్కటీ చేత్తో ఇరికించాలి. ఇవన్నీ మొదటి రోజే చూపించారు. మూడో రోజు సాయంత్రం మేస్త్రీ అటు వచ్చాడు. ఆయన భాష వీడికి రాదు, వీడి భాష ఆయనకు రాదు. అబ్బాయి అరచెయ్యి పట్టుకుని పై వరసలో ఒక రాయి మీద పెట్టి, దానిమీద తన చెయ్యి వేసి మెల్లగా నొక్కాడు. రాయి కదిలింది. పక్కదాని మీద పెట్టాడు. అదీ కదిలింది. ఆ తర్వాత ఏమీ అనకుండా పై వరస నుంచి ఒక్కో రాయీ తీసి కింద గడ్డి మీద పెట్టడం మొదలుపెట్టాడు. మూడు రోజుల పని అరగంటలో నేలమీదికి వచ్చింది.

ఆ రాత్రి అబ్బాయి నా దగ్గరికొచ్చి, "నేను డబ్బు తీసుకోకుండా పని చేస్తున్నాను, ఇదేం మర్యాద?" అన్నాడు. మొహం కందగడ్డలా ఉంది. "గోడ కింద నడిచేవాళ్లకు నువ్వు డబ్బు తీసుకున్నావో లేదో తెలియదు కదా" అన్నాను. అంతకుమించి సర్దిచెప్పలేదు. మర్నాడు పనికి వచ్చాడు గానీ ఎవరితోనూ మాట్లాడలేదు. ఏడో రోజు నేను నీళ్లు తీసుకెళ్లేసరికి, అప్పుడే పేర్చిన వరసలోంచి రెండు రాళ్లు తనే తీసేస్తున్నాడు. ఎవరూ చెప్పలేదు. ప్రతి రాయి మీదా అరచెయ్యి పెట్టి నొక్కి చూసుకుంటున్నాడు.

నేను ఎదుగుదల అనేది దీన్నే. మంచి మార్కులు, మెచ్చుకోళ్ల మధ్య పెరిగిన పిల్లాడికి, తన పనిని మొహమాటం లేకుండా కొలిచే వస్తువు మొదటిసారి ఎదురైంది. రాయికి వాడి తెలివితేటలతో, వాళ్ల నాన్న ఉద్యోగంతో సంబంధం లేదు. సరిగ్గా కూర్చుంటే కూర్చుంటుంది, లేకపోతే కదులుతుంది. ఆ జవాబును తట్టుకుని, మర్నాడు మళ్లీ అదే గోడ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. ఇంట్లో ఇది నేర్పలేమా అంటే, కొంత నేర్పగలం. కానీ ఇంట్లో పిల్లాడు అలిగితే వెళ్లి దాక్కోవడానికి గది ఉంటుంది, వెనకేసుకొచ్చే మనుషులుంటారు. అక్కడ అవేవీ లేవు. దూరం వల్ల వచ్చే లాభం ముఖ్యంగా అదే.

పరిశోధనలు ఏమంటున్నాయి? వాలంటీరింగ్ మీద కంటే విదేశీ చదువులు, విద్యార్థి మార్పిడి మీద గట్టి అధ్యయనాలున్నాయి. జర్మనీలో యెనా విశ్వవిద్యాలయానికి చెందిన జూలియా జిమ్మర్‌మన్, ఫ్రాంజ్ నెయర్ 2013లో ఒకటి ప్రచురించారు. విదేశం వెళ్లినవాళ్లను, వెళ్లకుండా ఉండిపోయినవాళ్లను కలిపి వెయ్యిమందికి పైగా యూనివర్సిటీ విద్యార్థులను తీసుకుని పోల్చి చూశారు. వెళ్లొచ్చినవాళ్లలో కొత్తదనాన్ని స్వీకరించే గుణం పెరిగింది, ఆందోళనపడే స్వభావం తగ్గింది. ఆ మార్పులో పెద్ద భాగం, అక్కడ కొత్తగా ఏర్పడ్డ మనుషుల బంధాల ద్వారా వచ్చిందని తేలింది. 2015లో జర్మన్ హైస్కూలు పిల్లల మీద, అంటే సుమారుగా మీ అమ్మాయి వయసు వాళ్ల మీద చేసిన మరో అధ్యయనంలో, మార్పిడి కార్యక్రమం కింద వెళ్లిన పిల్లల ఆత్మగౌరవం ఇంట్లో ఉన్నవాళ్ల కంటే ఎక్కువగా పెరిగింది. అక్కడి వాళ్లలో తాము కలిసిపోయామన్న భావన దానికి తోడైంది.

ఇందులో రెండు మెలికలున్నాయి. ఒకటి, వెళ్లే పిల్లలు వెళ్లకముందే కొంత వేరుగా ఉంటారు. ఎక్కువ కలుపుగోలుగా ఉండేవాళ్లే ముందుకొస్తారు. కాబట్టి తిరిగొచ్చినవాళ్లలో కనిపించే ధైర్యమంతా ప్రయాణం ఖాతాలో వేయకూడదు. రెండోది, ఆ పిల్లలు వెళ్లింది నెలల తరబడి, నాలుగు వారాలకు కాదు. అందుకే "నాలుగు వారాల్లో నాయకత్వం" అని ఎవరైనా హామీ ఇస్తే నేను నమ్మను. నాలుగు వారాల్లో ఒక బీజం పడుతుంది. అది మొలకెత్తడం ఇంటికి వచ్చాక జరిగేదాని మీద ఆధారపడి ఉంటుంది.

ఇక అనాథాశ్రమం సంగతి. ఇది నేను కాస్త గట్టిగానే చెప్పాలి, ఎందుకంటే నేనూ ఒకసారి ఈ తప్పు చేశాను.

ఈ పనిలోకి వచ్చిన కొత్తలో తొమ్మిది మంది టీనేజర్లను మూడు వారాలకు ఒక పిల్లల ఆశ్రమానికి తీసుకెళ్లాను. గేటు తీయగానే నాలుగేళ్ల పాప పరిగెత్తుకొచ్చి మా గుంపులో ఒకమ్మాయి కాళ్లకు చుట్టుకుంది. మా పిల్లలంతా కరిగిపోయారు. నేనూ అంతే. "చూశారా, ఎంత ప్రేమో" అనుకున్నాం. మామూలుగా నాలుగేళ్ల పిల్లలు కొత్తవాళ్లను చూస్తే అమ్మ వెనక దాక్కుంటారు. ఎవరు కనిపిస్తే వాళ్లను వాటేసుకోవడం, తనదంటూ ఒక మనిషి లేకుండా సంస్థల్లో పెరిగే పిల్లల్లో కనిపించే లక్షణమని, దాన్ని పిల్లల మానసిక నిపుణులు గాయంగా చూస్తారని నాకు అప్పటికి తెలియదు. మూడు వారాలు ఆడించాం, పాటలు నేర్పాం, అక్షరాలు దిద్దించాం. వచ్చేసే రోజు ఆ పాప గేటు ఊచలు పట్టుకుని నిలబడింది. అక్కడ పదేళ్లుగా పనిచేస్తున్న ఆయా నాతో ఒక మాటంది: "ఇదివరకు వెళ్లిపోయినవాళ్ల పేర్లు చెప్పి అడిగేవాళ్లండీ. ఇప్పుడు అడగడం మానేశారు." వారం తిరక్కుండానే ఇంకో బృందం రావాల్సి ఉంది. మళ్లీ అవే పాటలు, అవే అక్షరాలు.

ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. ఆ తర్వాత తెలుసుకుంటూ పోతే విషయం ఇంకా లోతుగా ఉంది. సేవ్ ది చిల్డ్రన్ సంస్థ 2009లో ఇచ్చిన నివేదిక ప్రకారం, ప్రపంచంలో ఇలాంటి ఆశ్రమాల్లో ఉన్న పిల్లల్లో ప్రతి ఐదుగురిలో కనీసం నలుగురికి తల్లో తండ్రో బతికే ఉన్నారు. పేదరికం వల్ల, చదువు చెప్పిస్తామన్న ఆశ వల్ల అక్కడ చేరినవాళ్లే ఎక్కువ. వాలంటీర్లు, విరాళాలు వస్తున్నకొద్దీ ఆశ్రమాలను నింపాల్సిన అవసరం పెరుగుతుంది, నింపడానికి పిల్లలను ఇళ్ల నుంచి తెస్తారు. కంబోడియా, నేపాల్‌లలో ఈ దందా బయటపడింది. ఆస్ట్రేలియా 2018లో ఆధునిక బానిసత్వ చట్టం తెచ్చిన సందర్భంలో ఆశ్రమాల కోసం పిల్లల్ని తరలించడాన్ని ఆ బానిసత్వంలో ఒక రూపంగా గుర్తించింది. 2019 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ కూడా బాలల హక్కుల తీర్మానంలో అనాథాశ్రమాల్లో వాలంటీరింగ్, పర్యాటకం వల్ల కలిగే హానిని ప్రస్తావించింది.

మీ అమ్మాయి మంచి మనసుతోనే అడుగుతోంది, అందులో నాకు సందేహం లేదు. కానీ ఆమె ఎదుగుదలకు ఖర్చయ్యేది ఇంకో పసిపిల్ల మనసు కాకూడదు. పైగా అక్కడ ఆమె పాఠం ఎంత అధ్వానంగా చెప్పినా పిల్లలు చప్పట్లు కొడతారు, నిర్వాహకులు నవ్వుతారు. రాయిలాగా "ఇది కదులుతోంది" అని చెప్పేవాళ్లు ఒక్కరూ ఉండరు. అలాంటి చోట పెరిగేది తన మీద తనకున్న అపోహ. ఇదే కారణంతో, చదువూ శిక్షణా లేని టీనేజర్ల చేత ఇంజెక్షన్లు ఇప్పించే, కాన్పులు చూపించే వైద్య క్యాంపులకు కూడా దండం పెట్టి దూరంగా ఉండండి.

మరి 16 ఏళ్లకు ఏమున్నాయి? పేరున్న పెద్ద పథకాలు చాలావాటికి 18 నిండాలి. అమెరికా పీస్ కోర్ 18 దాటినవాళ్లకే, అదీ 27 నెలలు. యూరోపియన్ సాలిడారిటీ కోర్ వాలంటీరింగ్ మామూలుగా 18 నుంచి 30 ఏళ్ల వాళ్లకు, జర్మనీ వారి వెల్ట్‌వెర్ట్స్ 18 నుంచి 28 ఏళ్ల వాళ్లకు. బ్రిటన్‌లో 1958లో మొదలైన వీఎస్ఓ (వాలంటరీ సర్వీస్ ఓవర్సీస్) అయితే తొలి వాలంటీర్లుగా స్కూలు ముగించిన 18 ఏళ్ల పిల్లల్నే పంపింది. కొన్నేళ్లు తిరిగేసరికి పని వచ్చినవాళ్లను పంపమని ఆయా దేశాలు అడగడంతో వృత్తి నిపుణుల వైపు మళ్లింది. ఈ చరిత్ర నేను ప్రతి బ్యాచ్‌కీ చెప్తాను. ఉత్సాహం ఒక్కటే ఎవరికీ పెద్దగా అక్కరకు రాదని అరవై ఏళ్ల కిందటే తెలిసింది.

18 లోపు వాళ్లకు నేను సూచించేది టీన్ వర్క్‌క్యాంపులు. ఈ పద్ధతికి వందేళ్లు దాటాయి. మొదటి ప్రపంచయుద్ధం అయ్యాక 1920లో స్విట్జర్లాండ్‌కు చెందిన పియేర్ సెరెసోల్, ఫ్రాన్స్‌లో వెర్డన్ దగ్గర యుద్ధంలో నాశనమైన ఎన్ అనే ఊళ్లో, నిన్నటిదాకా శత్రువులైన దేశాల మనుషులను ఒకచోట చేర్చి ఇళ్లు, దారులు బాగుచేసే పని పెట్టాడు. సర్వీస్ సివిల్ ఇంటర్నేషనల్ అలా పుట్టింది. 1934 భూకంపం తర్వాత ఆయన బీహారుకూ వచ్చి ఊళ్లు తిరిగి కట్టే పనిలో దిగాడు. ఇప్పుడు ఇలాంటి సంస్థలను కలిపే సమన్వయ సంఘం యునెస్కో అండతో 1948లో ఏర్పడింది, పారిస్‌లో ఉంది. ఫ్రాన్స్, జర్మనీలలో 18 లోపు వాళ్ల కోసం ప్రత్యేకంగా క్యాంపులు నడుస్తాయి. సాధారణంగా రెండు మూడు వారాలు, పది పదిహేను మంది, ఇద్దరు లీడర్లు. రోజుకు కొన్ని గంటల పని, మిగతా వేళ వంట, శుభ్రం, ఆటలు అన్నీ పిల్లలే చూసుకోవాలి. పాత గోడలు, కాలిబాటలు, తోటలు, పండగల ఏర్పాట్లు, ఇలాంటి పనులే ఉంటాయి. చూడ్డానికి చిన్నవి. నా అనుభవంలో పిల్లలు ఎక్కువ నేర్చుకునేది పద్నాలుగు మందికి వంట చేసే వంతు వచ్చిన రోజున. అన్నీ సమయానికి ఉడకాలి, ఒకరికి పాలు పడవు, ఒకరు మాంసం తినరు, గిన్నెలు తోమేవాడు మాయమయ్యాడు. ఆ రాత్రి జరిగే గొడవ, గొడవ తర్వాత జరిగే రాజీ నేర్పేదాన్ని ఏ నాయకత్వ శిక్షణా నేర్పలేదు.

ప్రకృతి పరిరక్షణ పనులూ మంచివే, సైన్సు నిజంగా జరుగుతుంటే. మేం పంపిన ఒక 17 ఏళ్ల అమ్మాయి కోస్టారికా కరీబియన్ తీరంలో సముద్ర తాబేళ్ల లెక్కల బృందంలో పనిచేసింది. ఆ తీరంలో టోర్టుగెరో దగ్గర ఆర్చీ కార్ అనే జీవశాస్త్రవేత్త 1955లోనే తాబేళ్ల మీద పని మొదలుపెట్టాడు. చీకట్లో, టార్చి వేయకుండా, మాట్లాడకుండా ఇసుకలో గంటల తరబడి నడవాలి. తాబేలు గుడ్లు పెట్టడం మొదలయ్యేదాకా దగ్గరికి పోకూడదు, బెదిరితే సముద్రంలోకి తిరిగిపోతుంది. ఒక్కో గూట్లో వంద పైచిలుకు గుడ్లు. లెక్కపెట్టేవాళ్లు లెక్కపెడుతుంటే, ఎర్ర లైటు వెలుగులో పుస్తకంలో రాయడం ఈ అమ్మాయి పని. ఒక రాత్రి వానలో పెంకు వెడల్పు అంకె వినిపించిందో లేదో అర్థం కాలేదు. తాబేలు వెళ్లిపోయింది. పొద్దున శాస్త్రవేత్త ఆ గడి ఎందుకు ఖాళీగా ఉందని అడిగితే, "నేను సరిగ్గా వినలేదు, ఊహించి రాయడం ఇష్టంలేక వదిలేశాను" అంది. ఆయన "మంచిపని చేశావు" అని చెప్పి ఆ గడి కొట్టేశాడు. ఈ సంగతి తను నాకు చెప్తున్నప్పుడు గొంతు వణికింది. స్కూల్లో ఎప్పుడూ ఏ ప్రశ్నా ఖాళీగా వదలని పిల్ల అది.

సంస్థను ఏం అడగాలి? మొట్టమొదట ఇది అడగండి: "మా అమ్మాయి రాకముందు నెలలో ఈ పని ఎవరు చేశారు, వెళ్లిపోయాక ఎవరు చేస్తారు?" నిజమైన పని ఉన్నచోట జవాబు తడుముకోకుండా వస్తుంది. "మీ అమ్మాయికి నచ్చిన పని ఇస్తాం" అన్నారంటే అది పని కాదని అర్థం. డబ్బు తీసుకోవడం తప్పేమీ కాదు, వసతికీ తిండికీ ఖర్చవుతుంది. కానీ అందులో ఆ ఊరికి చేరేది ఎంతో అడగండి.

తర్వాత భద్రత. పిల్లల రక్షణ విధానం కాగితం మీద ఉందా, లీడర్ల గతాన్ని పోలీసు రికార్డులతో సరిచూశారా, ఎవరు ఎక్కడ పడుకుంటారు, ప్రథమ చికిత్స ఎవరికి వచ్చు, దగ్గరి ఆసుపత్రి ఎంత దూరం, రాత్రి రెండు గంటలకు ఫోన్ చేస్తే ఎత్తేది ఎవరు? అంతర్జాతీయ కార్మిక సంస్థ నిబంధనల స్ఫూర్తి ప్రకారం 18 లోపు వాళ్ల చేత ప్రమాదకరమైన పని చేయించకూడదు. కరెంటు రంపాలు, ఎత్తైన పరంజాలు ఫొటోల్లో కనిపిస్తే అక్కడితో ఆపేయండి.

కాగితాల విషయం త్వరగా చెప్పేస్తాను. జీతం లేకపోయినా చాలా దేశాల్లో వాలంటీరు పనికి టూరిస్టు వీసా సరిపోదు, కాన్సులేట్‌లో రాతపూర్వకంగా కనుక్కోండి. మైనరు కాబట్టి తల్లిదండ్రులిద్దరి నోటరీ సమ్మతి పత్రం చేతిలో ఉండాలి. బీమాలో అత్యవసరంగా వేరేచోటికి తరలించే ఖర్చు, చేసే పని వల్ల తగిలే దెబ్బలు రెండూ కవర్ కావాలి. టీకాలకు డాక్టరును కనీసం ఆరు వారాల ముందు కలవండి. ఉదాహరణకు ఎల్లో ఫీవర్ సర్టిఫికెట్ టీకా వేసిన 10 రోజుల తర్వాతే చెల్లుతుంది.

ఇప్పుడు మీ వంతు. వెళ్లిన మొదటి రోజుల్లో పిల్ల ఏడుస్తుంది. ఏడవని వాళ్లు తక్కువ. ఇంటి బెంగ మీద పనిచేసిన క్రిస్టఫర్ థర్బర్, ఎడ్వర్డ్ వాల్టన్ 2007లో అమెరికా పిల్లల వైద్యుల పత్రికలో రాసిన సలహా నేను ప్రతి తల్లికీ చెప్తాను: "నచ్చకపోతే వెంటనే వచ్చి తీసుకొచ్చేస్తాను" అని ముందే మాట ఇవ్వకండి. ధైర్యం కోసమే మీరు అంటారు, కానీ "నువ్వు తట్టుకోలేవని నాకు తెలుసు" అని పిల్లకు వినిపిస్తుంది. మొదటి కష్టానికే ఆ తలుపు వైపు చూస్తుంది. రోజూ ఫోన్ చేయడమూ వద్దు. ఒక క్యాంపులో ఒకబ్బాయికి వాళ్ల అమ్మ రోజూ రాత్రి గంటసేపు ఫోన్ చేసేది. మిగతావాళ్లు చుట్టూ కూర్చుని కబుర్లాడుకునే వేళ అదే. మూడో వారానికి కూడా వాడికి పక్క మంచం వాడి పేరు సరిగ్గా పలకడం రాలేదు. వారానికి రెండుసార్లు, ముందే అనుకున్న వేళకు మాట్లాడితే చాలు.

ఇలా రాశానని అన్నిటికీ బిగదీసుకోమని కాదు. భయం, వేధింపు, అనారోగ్యం ఉన్నాయంటే మారు మాట లేకుండా వెనక్కి తీసుకురండి. అందుకే బెంగ అంటే ఏంటి, ప్రమాదం అంటే ఏంటి అన్నది వెళ్లేముందే ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవాలి. పక్కన ఎవరో ఉండి మాట్లాడలేకపోతే చెప్పడానికి ఒక గుర్తు మాట కూడా పెట్టుకోండి.

ఎవరిని పంపకూడదు? మార్పు కోసమని బలవంతంగా పంపే పిల్లల్ని. కుంగుబాటులో ఉన్న పిల్ల, తిండి మానేస్తున్న పిల్ల పరాయి దేశంలో బాగుపడదు, ఇంకా ఒంటరిదవుతుంది. ఎవరితోనూ కలవని ఒక 16 ఏళ్ల అబ్బాయిని వాళ్ల నాన్న పట్టుబట్టి పంపాడు. తొమ్మిదో రోజు అబ్బాయి నా దగ్గరికొచ్చి, "నాకు ఇక్కడ ఉండాలని లేదు, ఇంటికి వెళ్తాను" అన్నాడు. పంపించేశాను. వాళ్ల నాన్న దృష్టిలో అది ఓటమి. నాకు మాత్రం, అప్పటిదాకా నోరు విప్పని పిల్లాడు తనకేం కావాలో తేల్చి చెప్పిన రోజు అది. ఇంకో మాట, కాలేజీ అప్లికేషన్‌లో రాసుకోవడానికే అయితే కూడా వద్దు. పిల్ల కన్ను పని మీద ఉండదు, ఫొటో మీద ఉంటుంది.

అందరూ మర్చిపోయేది తిరిగొచ్చాక సంగతి. కొత్తచోటికి వెళ్లినవాళ్లకు మొదట అంతా అందంగా కనిపించి, తర్వాత చిరాకు పుట్టి, మెల్లగా కుదురుకుంటుందని మానవశాస్త్రవేత్త కలెర్వో ఓబెర్గ్ 1960లో రాశాడు. ఇంటికి తిరిగొచ్చినప్పుడు కూడా ఆ కుంగుబాటు ఇంకోసారి వస్తుందని 1963లో గల్లహార్న్ దంపతులు చూపించారు. నేను చూసిన పిల్లల్లో చాలామందికి రెండోదే కష్టం. పైన చెప్పిన తాబేళ్ల అమ్మాయి ఇంటికొచ్చాక నెలన్నర ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. స్నేహితుల కబుర్లు వింటే కోపం, ఇంట్లో లైట్లు వృథాగా వెలిగితే కోపం. తల్లి భయపడి నాకు ఫోన్ చేసింది. ఆ పిల్ల తను చూసినదాన్ని పెట్టుకోవడానికి చోటు వెతుక్కుంటోంది, అంతే. అలాంటప్పుడు "ఎలా గడిచింది?" అని అడిగితే "బాగానే" అన్న జవాబే వస్తుంది. "నీ పక్కన పనిచేసింది ఎవరు? నీకు చేతకానిది ఏంటి? మొదట్లో తప్పుగా అనుకుని తర్వాత మార్చుకున్నది ఏంటి?" అని అడగండి. ఒకేసారి అన్నీ వద్దు, రోజుల తరబడి కొద్దికొద్దిగా. వీలైతే మీ చుట్టుపక్కలే వారానికి రెండు గంటలు చేసే పని ఒకటి చూసుకోనివ్వండి. ఆ అమ్మాయి మూడో నెలలో ఒక చెరువు దగ్గర పక్షుల లెక్కింపులో చేరింది. అక్కడా పుస్తకం రాసే పనే అడిగి తీసుకుందట.

కాబట్టి ఇప్పుడు చేయాల్సింది: ఆ సంస్థకు "వద్దు" అని చెప్పండి, ఎందుకో మీ అమ్మాయికి వివరంగా చెప్పండి. పైన రాసినవి తననే చదవమనండి, 16 ఏళ్ల పిల్లకు అర్థమవుతాయి. టీన్ క్యాంపుల జాబితాలోంచి మూడు తననే ఎంచుకోనివ్వండి, ఉత్తరాలు కూడా తననే రాయనివ్వండి. మీరు పక్కన కూర్చుని చదవండి, అంతవరకే. వెళ్లేలోపు రెండు మూడుసార్లు మీరు లేకుండా బయట రాత్రులు గడిపే అలవాటు చేయండి. పదిహేను మందికి ఒక పూట వంట చేయించండి. వెళ్లే దేశపు భాషలో నమస్కారం, ధన్యవాదాలతో పాటు ఇంకొక వాక్యం తప్పకుండా నోటికి వచ్చేదాకా నేర్పించండి: "ఇది ఎలా చేయాలో ఇంకోసారి చూపిస్తారా?"